నిర్ణయాధికారం స్కోరుకీ ఆసుపత్రి కాన్పుకీ సంబంధం ఎందుకు తేలడం లేదు?

డీహెచ్‌ఎస్ (ఇంటింటా ఆరోగ్యం, కాన్పుల వివరాలు అడిగే సర్వే) డేటాలో సొంత వైద్యం, పెద్ద కొనుగోళ్లు, చుట్టాలింటికి వెళ్లడం ఎవరు నిర్ణయిస్తారనే ఇంటి నిర్ణయాల ప్రశ్నలు మూడూ కూడి స్కోరు చేశానని, ఆసుపత్రి కాన్పుతో దానికి సంబంధమే కనిపించడం లేదని అడిగారు. మోడల్‌ని అనుమానించే ముందు కోడింగ్, అంటే జవాబులకు అంకెలు ఇచ్చిన తీరు చూడండి.

స్టేటా అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో వి743ఎ (ఆమె వైద్యం ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న) విలువ 2 లేదా అంతకన్నా తక్కువైతే 1, కాకపోతే 0 అని రాసి ఉంటే దెబ్బ అక్కడే పడింది. ఈ ప్రశ్నలు ప్రస్తుతం భర్తతోనో భాగస్వామితోనో ఉన్నవాళ్లనే అడుగుతారు. వితంతువులకూ విడిపోయినవాళ్లకూ జవాబు ఖాళీ. స్టేటా ఖాళీని అన్నిటికన్నా పెద్ద సంఖ్యగా చూస్తుంది కాబట్టి వాళ్లందరికీ 0 పడుతుంది. తన సంగతి తానే చూసుకునే మనిషి కూడా ‘అధికారం లేని’ ఖాతాలో చేరిపోతుంది. ముందు వి502 = 1, అంటే ప్రస్తుతం భర్తతోనో భాగస్వామితోనో ఉన్నవాళ్లనే ఉంచుకోండి.

1, 2 కోడ్‌లు కలిపేయకండి. 1 అంటే ఆమె ఒక్కతే, 2 అంటే భార్యాభర్తలు కలిసి. ‘నేనే’ అన్నామెకు నిజంగా పెత్తనం ఉండొచ్చు. లేదా భర్త దూరాన ఉండి, నొప్పులొస్తే వెంట వచ్చే మనిషే లేకపోవచ్చు. ఈ రెండు రకాలూ ఎదురెదురుగా లాగితే మిగిలేది సున్నానే. అత్తమామల్లాంటి పెద్దల మాటంతా 5లోనే (‘వేరొకరు’ అన్న కోడ్) ఉంటుందనీ అనుకోకండి. ‘భర్త ఒక్కడే’ అన్న 4 వెనకా వాళ్లే ఉండొచ్చు.

అసలు స్కోరు కట్టడమే నాకు నచ్చదు. చుట్టాలింటికి వెళ్లడం (వి743డి), పెద్ద కొనుగోళ్లు (వి743బి) కాన్పుకి దూరపు విషయాలు. సొంత వైద్యం గురించిన వి743ఎ ఒక్కటే తీసుకుని, వైద్యానికి వెళ్లడానికి అనుమతి పెద్ద సమస్యా అని అడిగే వి467బితో పోల్చి చూడండి.

కాలం కూడా కలవదు. అధికారం సర్వే రోజుది, కాన్పు ఐదేళ్ల కిందటిదైనా కావచ్చు. ఈలోగా బిడ్డ పుట్టడం వల్లే ఆమె మాటకి విలువ పెరిగి ఉండొచ్చు. చివరి కాన్పునే, వీలైతే గత రెండేళ్లలోదే తీసుకోండి. శాంపిల్ తగ్గుతుంది, తప్పదు.

పరిశోధకులు థాడియస్, మేన్ 1994లో చెప్పిన మూడు జాప్యాల్లో (వెళ్లాలని నిర్ణయించడంలో, ఆసుపత్రి చేరడంలో, అక్కడ చికిత్స అందడంలో) ఇంటి నిర్ణయం ప్రధానంగా మొదటిదాన్నే కదిలిస్తుంది. ఆసుపత్రి అందుబాటులో లేనిచోట ఎవరు నిర్ణయించినా ఒకటే. అందుకే దూరాన్ని (వి467డి) మోడల్‌లో వట్టి కంట్రోల్‌గా పడేసి వదలకుండా, దూరాన్ని బట్టి అధికారం ప్రభావం మారేలా ఇంటరాక్షన్‌గా పెట్టండి. ఆమె సంపాదన మాత్రం కంట్రోల్స్‌లో వేసేముందు ఆలోచించండి, అధికారం వచ్చే దారుల్లో అదొకటి.

శాంపిల్ వెయిట్ వి005ని పది లక్షలతో భాగించడం, క్లస్టర్‌గా (సర్వే చేసిన ప్రాంతం) వి021 పెట్టడం మామూలే. ఇంట్లో కాన్పు ఎందుకని అడిగిన సర్వేల్లో ‘భర్త లేదా కుటుంబం ఒప్పుకోలేదు’ అనే జవాబు ఉంటే, దాన్ని వి743ఎతో క్రాస్‌టాబ్ (రెండు జవాబుల ఉమ్మడి పట్టిక) చేయండి. ‘నా వైద్యం నేనే నిర్ణయిస్తాను’ అన్నవాళ్లలో ఈ జవాబు ఎందరిచ్చారో చూస్తే మీ వేరియబుల్ ఏపాటిదో తెలుస్తుంది.