సేవ చేశారు సరే, లెక్కేది?

ఎన్ఎస్ఎస్ (కాలేజీల్లో నడిచే జాతీయ సేవా పథకం) వలంటీర్లు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: డిగ్రీ మూడో ఏడు చదువుతున్నాను. రెండేళ్లుగా ఎన్ఎస్ఎస్‌లో ఉన్నాను. ఊరు శుభ్రం చేయడం, మొక్కలు, రక్తదానం... అన్నింట్లో పాల్గొన్నాను. ఫోన్ నిండా ఫొటోలే. జాతీయ అవార్డుకు వెళ్లొచ్చా? (ఒక విద్యార్థిని, తెనాలి)

జవాబు: వెళ్లొచ్చు, కానీ ఫొటోల బలంతో కాదు. ఏడాదికి 120 చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ ఉండాలి. అది కాక ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఒకటి పూర్తి చేసి ఉండాలి. శిబిరంలో గడిపిన సమయాన్ని కూడా 240లో కలిపేసి గంటలు నిండాయనుకునేవాళ్లు ఎక్కువ. అది వేరు, ఇది వేరు. 120 గంటల్లోనూ 20 శిక్షణకు, 30 కాలేజీ ఆవరణలో పనికి. తక్కిన 70 మీ యూనిట్ దత్తత తీసుకున్న గ్రామంలోనో బస్తీలోనో గడపాలి. కాలేజీ వేడుకల్లో కుర్చీలు సర్దిన గంటలతో వర్క్ డైరీ (చేసిన పని రాసుకునే పుస్తకం) నింపితే చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

1993-94లో మొదలైన ఈ అవార్డు ఇటీవలి ఏళ్లలో దేశం మొత్తంమీద 30 మంది వలంటీర్లకే దక్కుతోంది: లక్ష రూపాయలు, వెండి పతకం, ప్రశంసాపత్రం. పేరు కాలేజీ ప్రోగ్రాం ఆఫీసర్ దగ్గర మొదలై యూనివర్సిటీ కోఆర్డినేటర్, రాష్ట్రస్థాయి దాటాకే ఢిల్లీ చేరుతుంది. ఇన్నిచోట్ల మీ తరఫున మాట్లాడేది వర్క్ డైరీ ఒక్కటే.

డైరీ ఎలా రాయాలో చూడండి. ‘మొక్కలు నాటాం’ అంటే చాలదు. ‘ఉదయం 7 నుంచి 10 వరకు. ప్రాథమిక పాఠశాల వెనక 40 గుంతలు, అడుగున్నర లోతు. వేప 25, కానుగ 15. ట్రీగార్డులు 12.’ ఆర్నెల్ల తర్వాత అదే పేజీ కింద: ‘బతికినవి 27. మేకలు మేసినవి 9, నీళ్లందక పోయినవి 4.’ పోయిన పదమూడూ దాచకండి. వెయ్యి మొక్కలు నాటామనే వాక్యం కంటే ఈ పేజీకే విలువ ఎక్కువ. ప్రోగ్రాం ఆఫీసర్ సంతకం వారంలోపే తీసుకోండి. రెండేళ్ల పేజీలన్నిటికీ ఒకే రోజు, ఒకే ఇంకుతో సంతకాలుంటే ఎవరికైనా అనుమానమే.

ప్రశ్న: రక్తదాన శిబిరం పెడితే వచ్చినవాళ్లలో సగం మందిని వెనక్కి పంపేశారు. ముఖ్యంగా అమ్మాయిల్ని. ఎందుకలా? (యూనిట్ లీడర్, కరీంనగర్)

జవాబు: 18 ఏళ్లు నిండాలి, బరువు కనీసం 45 కిలోలుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. అమ్మాయిలు ఎక్కువగా ఆగిపోయేది ఈ చివరిదాని దగ్గరే. పోయినసారి ఇచ్చి మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు కాకపోయినా, ఏడాదిలోపు పచ్చబొట్టు వేయించుకున్నా తీసుకోరు. టిఫిన్ చేయకుండా వచ్చినవాళ్లు కళ్లు తిరిగి పడిపోతారు, వాళ్లని చూసి వరసలో ఉన్నవాళ్లు జారుకుంటారు! పేర్లు రాసుకునే రోజే ఇవన్నీ అడిగేయండి. రక్తం తక్కువని తేలినవాళ్ల జాబితా పారేయకండి. వాళ్లని పీహెచ్‌సీకి తీసుకెళ్లి, ఐరన్ మాత్రలు ఇప్పించి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. శిబిరం కంటే ఇదే పెద్ద పని, రాసుకోదగ్గ పని కూడా.

ప్రశ్న: హాస్టల్ పిల్లల చేత ఓటు నమోదు చేయిద్దామనుకుంటున్నాం. ఏ ఊళ్లో చేయించాలి? (కళాశాల విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: సొంతూళ్లోనైనా, హాస్టల్ చిరునామాతోనైనా సరే, కానీ ఒక్కచోటే. రెండుచోట్ల పేరుండటం చట్టవిరుద్ధం. కొత్త ఓటు కోసం నింపే ఫారం 6 మీద సంతకం పెట్టేది ఇంకెక్కడా ఓటు లేదని చెబుతూనే. ఊళ్లో ఇప్పటికే ఓటున్నవాళ్లు మళ్లీ ఫారం 6 నింపకూడదు, ఇక్కడికి మార్చుకోవాలంటే ఫారం 8. హాస్టల్ చిరునామాకు ప్రిన్సిపల్ ఇచ్చే ధ్రువపత్రం జతచేయాలి. 18 ఏళ్లు నిండాయో లేదో చూసే అర్హత తేదీలు ఏడాదిలో నాలుగున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. 17 దాటినవాళ్లు ముందే దరఖాస్తు చేసుకోవచ్చు.

ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది విచారణ దగ్గర. బీఎల్వో (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) వచ్చేసరికి పిల్లలు సెలవులకు ఊరెళ్లిపోయి ఉంటారు, ‘ఈ చిరునామాలో లేరు’ అని రాసుకుని వెళ్లిపోతారు. సెమిస్టర్ మధ్యలో పెట్టుకోండి. వార్డెన్ గారికి జాబితా ఇచ్చి ఉంచండి, ప్రతి ఒక్కరి రిఫరెన్స్ నంబరూ ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. ఎంతమంది చేత నింపించారన్నది కాదు, ఎంతమంది పేర్లు జాబితాకెక్కాయన్నదే డైరీలో పడాల్సిన అంకె.

ప్రశ్న: ఎన్ఎస్ఎస్ సర్టిఫికెట్ పీజీ సీటుకు పనికొస్తుందా? (అనంతపురం పాఠకుడు)

జవాబు: కొన్ని విశ్వవిద్యాలయాలు పీజీ ప్రవేశాల్లో ఎన్ఎస్ఎస్ కింద కొన్ని సీట్లు కేటాయిస్తాయి. ఆ ఏటి నోటిఫికేషన్‌లో ‘ప్రత్యేక కేటగిరీలు’ అన్నచోట వెతకండి. సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు ఒరిజినల్ చేతిలో లేకపోతే ఆ కేటగిరీ పోయినట్టే, కాబట్టి చివరి పరీక్షలు రాసేలోపే కాలేజీ ఆఫీసులో అడిగి తీసుకోండి.