జాకెట్ కొనబోయే కోడలు పిల్లకి

తిరుపతి

కోడలు పిల్లా,

డిసెంబరు ఆఖర్లో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ కొండ ఎక్కబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. దానికి గొంతు పూడుకుపోయింది, నాకేమో మీసం మెలేయబుద్ధయింది. మనింట్లో మంచు తొక్కబోతున్న మొదటి ఆడపిల్లవి నువ్వే. అయినా పన్నెండున్నర వేల అడుగులంటే మాటలు కాదు. మన తిరుమల సుమారు మూడు వేలే. కిలోమీటరు ఎత్తుకు ఆరు డిగ్రీల పైనే చలి పెరుగుతుంది, ఆపైన గాలి. అక్కడ ఆ నెలలో రాత్రిళ్ళు సున్నాకు కిందే ఉంటుంది.

బూట్లు ఇప్పట్నుంచే తొడిగి అలవాటు చేసుకో. టార్చికి అదనంగా బ్యాటరీలు పెట్టుకో. ఇవి నీకు తెలిసినవే.

ఇక జాకెట్. నువ్వు మీ అమ్మకు పంపిన ఫోటో చూశాను. నల్లగా నిగనిగలాడుతోంది, 'మైనస్ 20' అని రాసుంది. ఆ అంకె చూసి కొనొద్దు తల్లీ. అమ్మేవాళ్ళంతా ఒకే పరీక్ష పెట్టి వేసే అంకె కాదది. డౌన్ జాకెట్‌లో ఉండేది బాతు పొట్టకింది నూగు. దానికి రెండు అంకెలు చూడాలి. ఒకటి ఫిల్ పవర్: ఔన్సు నూగు, అంటే 28 గ్రాములు, ఎన్ని ఘనపుటంగుళాలు పొంగుతుందో చెప్పేది. 550, 650, 800 అని ఉంటుంది. రెండోది ఫిల్ వెయిట్: లోపల మొత్తం ఎన్ని గ్రాముల నూగు కూరారో. కొట్టువాడు మొదటిది గట్టిగా చెప్పి రెండోది మింగేస్తాడు. 800 నూగు 60 గ్రాములుంటే దాదాపు 1,700 ఘనపుటంగుళాలు పొంగుతుంది. 650 నూగు 120 గ్రాములుంటే 2,750. రేటు తక్కువైనా వెచ్చదనం రెండోదానికే ఎక్కువ. డౌనే తీసుకుంటే నీకు 650 రకం, 120 నుంచి 150 గ్రాములు, తలకు హుడ్ ఉన్నది చాలు.

సింథటిక్, అంటే నూగు బదులు పాలిస్టరు పోగులు నింపింది, అయితే లెక్క వేరు. దాని మీద 60, 100 అని ఉండేది చదరపు మీటరుకు గ్రాములు, మొత్తం బరువు కాదు. 100కు తగ్గకూడదు. డౌన్ కంటే బరువు, బ్యాగులో చోటు ఎక్కువ తింటుంది. అయినా తడిస్తే కొంతైనా వెచ్చదనం నిలుపుకుంటుంది. మామూలు డౌన్ తడిస్తే ముద్దకట్టి ఎందుకూ పనికిరాదు. నీ సంగతి తెలిసినవాణ్ణి గనక నా ఓటు సింథటిక్‌కే.

నీ సంగతంటే ఏందో చెప్తా. నీకు ఏడేళ్ళప్పుడు ధనుర్మాసంలో అలిపిరి మెట్లెక్కాం. ఊలు స్వెట్టరు, మంకీ క్యాపు. తియ్యవే అంటే చలి అని ఒకటే ఏడుపు. గాలిగోపురం దగ్గరికొచ్చేసరికి వీపంతా చెమట, గౌను ఒంటికి అతుక్కుపోయింది. కూర్చున్న రెండు నిమిషాలకు గాలి కొట్టింది చూడు, పళ్ళు టకటకలాడాయి. మీ అమ్మ కొంగుతో తుడిచి తుడిచి అలిసిపోయింది. ఆ రాత్రంతా నీకు పిల్లికూతలు. అది తిరుమల కొండ గనక సరిపోయింది.

మైదానాల నుంచి పోయేవాళ్ళంతా అక్కడా ఇదే చేస్తారు. క్యాంపులో చలేస్తోందని జాకెట్ తొడుక్కుని, అట్లాగే నడక మొదలుపెడతారు. ఎక్కేటప్పుడు ఒళ్ళే పొయ్యి. అరగంటలో చెమట లోపలి బనియన్‌కి, దాన్నుంచి జాకెట్ నింపుడుకి ఎక్కుతుంది. ఆగగానే ఒంటి వేడి తగ్గుతుంది, తడి మాత్రం ఉండిపోతుంది. ఆ తడి ఆరడానికి కావాల్సిన వేడిని ఒంట్లోంచే లాక్కుంటుంది. మంచులో మనిషిని పడేసేవాటిలో ఇదొకటి. అందుకే నడిచేటప్పుడు ఒంటి మీద పాలిస్టరు గానీ మెరినో ఊలు గానీ బనియన్, దానిపైన పలచటి ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే పాలిస్టరు కోటు), గాలి ఎక్కువైతే గాలి ఆపే కోటు. అంతే. నూలు బట్ట ఒక్కటి కూడా వద్దు, లోదుస్తులతో సహా. బయల్దేరేటప్పుడు రవ్వంత చలేస్తుండాలి. పది నిమిషాలు నడిచాక ఆగి, ఉక్కగా ఉంటే ఒక పొర తీసెయ్. అందరూ నడుస్తున్నారని మొహమాటపడొద్దు. జాకెట్ బ్యాగులో అన్నిటికంటే పైన, మందపాటి ప్లాస్టిక్ కవరులో ఉండాలి. ఆగిన వెంటనే, నీళ్ళు తాగకముందే, అది ఒంటి మీదకి రావాలి. శిఖరం రోజు తెల్లారకముందే లేపుతారు. ఆ చీకట్లో కూడా ఇదే పద్ధతి. వినకపోయావో, కొండ దిగొచ్చాక నా దగ్గర నీకుంటుంది.

కొట్లో చూడాల్సినవి. ఫ్లీస్ వేసుకునే పో, దానిమీదే తొడిగి చూడు. చేతులు పైకెత్తితే నడుము బయటపడకూడదు. నిన్ను నువ్వే కౌగిలించుకుంటే వీపు దగ్గర బిగుసుకోకూడదు, బిగిస్తే నింపుడు అణిగి చలి దూరుతుంది. మరీ వదులైనా గాలాడుతుంది. పైన వానకోటు కూడా పట్టాలి. గుప్పిట్లో పిసికి వదిలితే వెంటనే పొంగాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకో, భుజాల దగ్గర గళ్ళు ఖాళీగా కనిపిస్తే కొనకుండా అక్కడే పెట్టెయ్. జిప్ వెనక బట్ట పట్టీ ఉండాలి. గ్లవుజులతో లాగడానికి జిప్‌కి ఒక తాడు ముక్క కట్టుకో.

చలిమంట దగ్గర దూరంగా కూర్చో, నైలాన్‌కి ఒక్క నిప్పురవ్వ చాలు. చిరిగితే సూది పెట్టొద్దు, కుట్టిన కంతల్లోంచి నింపుడు బయటికొస్తుంది. గట్టి టేపు ముక్క మూలలు గుండ్రంగా కత్తిరించి అతికించు.

ఇంతా చేసి తిరుపతిలో దాన్ని ఏ రోజు వేసుకుంటావో ఆ వెంకన్నకే తెలియాలి. ఈ ఒక్క ట్రెక్కే అనుకుంటే అద్దెకు తీసుకో, సిగ్గేం లేదు. కాకపోతే జిప్ పదిసార్లు లాగి చూడు. కొంటే మాత్రం నొక్కి సంచీలో కుక్కి దాచొద్దు, బీరువాలో వదులుగా వేలాడదియ్. వానల నెలల్లో అప్పుడప్పుడు నీడన ఆరబెట్టు. చాకలికి, ఇస్త్రీకి ఇవ్వొద్దు.

డబ్బులు కట్టేముందు లోపలి లేబుల్ ఫోటో నాకు పంపు. గ్రాముల అంకె లేకపోతే గమ్మున బయటికొచ్చెయ్. డబ్బుల సంగతి మీ నాన్నని అడగొద్దు, నేను వేస్తా. ఇన్‌హేలర్ మాత్రం బ్యాగులో కాదు, లోపలి జేబులో, ఒంటికి తగిలేట్టు పెట్టుకో.

ఇట్లు,
మీ మామ