పాత మినీ పొక్లెయిన్ కొని కిరాయికి తిప్పితే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: మాది పెదకాకాని. వయసు 43. ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్‌ని, నెలకు చేతికి 52 వేలు వస్తాయి. తెనాలి వైపు ఎకరంన్నర నిమ్మతోట, ఇంటి వెనక 20 సెంట్ల దొడ్డి ఉన్నాయి. దున్నించడానికి, కాలువలు తీయించడానికి, కంప కొట్టించడానికి ఏటా 22 వేల దాకా కిరాయిలకే పోతోంది. ఆటోనగర్‌లో ఒక బ్రోకరు 2018 మోడల్ మూడు టన్నుల మినీ పొక్లెయిన్ చూపించాడు. 12 లక్షలు చెబుతున్నాడు. నా దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 4 లక్షలున్నాయి. మిగతా 8 లక్షలు ఫ్లాట్ 11 శాతం వడ్డీకి, 36 నెలలకు ఫైనాన్స్ ఇప్పిస్తానన్నాడు. గంటకు వెయ్యి కిరాయి, రోజుకు ఆరు గంటలు, నెలకు 25 రోజులు వేసుకున్నా లక్షన్నర వస్తుందని, రాజధాని పనులు మొదలయ్యాయి కాబట్టి బండి ఖాళీగా ఉండదని అంటున్నాడు. మా బావమరిది నడుపుతానంటున్నాడు. అదే షెడ్డులో 24 హెచ్‌పీ పాత మినీ ట్రాక్టరు కూడా ఉంది, వెనక తగిలించి మట్టి గుల్ల చేసే రోటావేటర్‌తో కలిపి 2 లక్షల 80 వేలట. మా పాప వచ్చే ఏడాది ఇంజినీరింగ్‌లో చేరుతుంది. ఏది కొనమంటారు?

జవాబు: పొక్లెయిన్ వద్దండి. ట్రాక్టరు కొనొచ్చు, కానీ ఇప్పుడే కాదు.

ముందు మీ తోట పని సంగతి తేల్చేద్దాం. 4 లక్షల డిపాజిట్ మీద ఆరున్నర శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 26 వేలు. మీ కిరాయిల ఖర్చు 22 వేలు. అంటే అసలు ముట్టుకోకుండా వడ్డీతోనే ఎవరి బండో వచ్చి మీ పని చేసి వెళ్తోంది. రిపేరు వాళ్లది, టెన్షన్ వాళ్లది. అందుకని ‘సొంత పనికీ పనికొస్తుంది కదా’ అన్న మాటను ఈ లెక్కలోంచి తీసేయండి. మీరు 12 లక్షలు పెట్టేది కిరాయి వ్యాపారంలో. వ్యాపారంగా అది నిలబడుతుందా లేదా అన్నంతవరకే చూద్దాం.

బ్రోకరు చెప్పిన నెలకు 150 గంటలు మన నేల మీద కుదిరే లెక్క కాదు. గుంటూరు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి. ఒక్క గట్టి వాన పడిందంటే రెండు మూడు రోజులు ఆ మట్టిలోకి బండి దించలేరు. దించినా బకెట్‌కు అంటుకున్న మట్టి విదిలించుకోవడానికే సగం పొద్దు పోతుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పునాదులు తీయించేవాళ్లు, ప్లాటు మెరక చేయించుకునేవాళ్లు చాలామంది ఆగిపోతారు. నవంబరులో తుపాను భయం. అసలు సీజన్ డిసెంబరు నుంచి మే దాకా. అప్పుడైనా, ఒక ఇంటి సెప్టిక్ ట్యాంకు గుంత అంటే రెండు మూడు గంటల పని. దానికోసం చక్రాల బదులు ట్రాకుల (పట్టాల) మీద నడిచే ఈ బండిని ఇంకో వాహనం మీదికి ఎక్కించాలి, తీసుకెళ్లి దించాలి, పనయ్యాక మళ్లీ ఎక్కించాలి. బండి ఇంటి నుంచి బయట ఉన్న గంటలు వేరు, డబ్బులొచ్చే గంటలు వేరు. నేనైతే మంచి ఆరు నెలలకు నెలకు 80 గంటలు, జూన్, జూలై, నవంబరుకు 45, మిగతా మూడు నెలలకు 20 చొప్పున వేస్తాను. ఏడాదికి 675 గంటలు. కొత్తగా ఈ పనిలోకి దిగేవాడికి అది కూడా కాస్త ధారాళంగా వేసినట్టే.

రాజధాని మాటకొస్తే, అమరావతికి శంకుస్థాపన 2015 అక్టోబరు 22న జరిగింది. 2019 తర్వాత పనులు ఆగాయి. 2025 మే 2న మళ్లీ మొదలయ్యాయి. మధ్యలో ఆ పనుల్ని నమ్ముకుని బండ్లు కొన్నవాళ్లు వాయిదాలు ఎలా కట్టారో తుళ్లూరు వైపు ఎవరినైనా అడగండి. ఇప్పుడు పనులు నడుస్తున్న మాట నిజమే. కానీ పెద్ద కాంట్రాక్టుల్లో తిరిగేవి పెద్ద పొక్లెయిన్లు, టిప్పర్లు. మూడు టన్నుల బండికి పని దొరికేది ఇళ్ల దగ్గర, తోటల్లో, లేఔట్ల లోపలి కాలువల్లో. ఆ పనికి రాజధానితో సంబంధం లేకపోలేదు గానీ, బ్రోకరు చెప్పినంత లేదు.

ఇక ఖర్చులు చూడండి. 675 గంటలకు వెయ్యి చొప్పున రాబడి 6 లక్షల 75 వేలు. గంటకు మూడు లీటర్ల డీజిల్ వేసుకుంటే సుమారు మూడు వందలు, మొత్తం 2 లక్షల 2 వేల 500. ఆపరేటర్‌కు నెలకు 18 వేల జీతం, పని ఉన్న రోజుల్లో బత్తా కలిపి 2 లక్షల 42 వేలు. వానాకాలంలో బండి ఆగిందని జీతం ఆపలేరు, ఆపితే సీజన్‌కు మనిషి ఉండడు. బండిని అటూ ఇటూ చేరవేయడానికి మీ మీద పడేది 40 వేలు. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, గ్రీజు, బకెట్ పళ్లు, పిన్నులు, బుష్‌లు కలిపి 60 వేలు. ఇన్సూరెన్స్ 15 వేలు. రబ్బరు ట్రాకులు, హైడ్రాలిక్ పంపు లాంటి పెద్ద ఖర్చు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది కాబట్టి గంటకు 150 చొప్పున పక్కన పెట్టాలి, అది లక్షా వెయ్యి పైచిలుకు. అన్నీ కలిపితే 6 లక్షల 60 వేలు దాటింది. మిగిలింది 14 వేలు.

ఇంకా ఫైనాన్స్ వాయిదా లెక్కలోకి రాలేదు.

ఫ్లాట్ 11 శాతం అంటే వినడానికి తక్కువే. 8 లక్షలకు మూడేళ్ల వడ్డీ 2 లక్షల 64 వేలు. అసలుతో కలిపి 36 భాగాలు చేస్తే నెలకు 29,556. ఇందులో కిటుకు ఏంటంటే, ప్రతి నెలా మీరు అసలు తీరుస్తూనే ఉంటారు, అయినా చివరి నెల దాకా వడ్డీ మాత్రం మొత్తం 8 లక్షల మీదే పడుతుంది. బ్యాంకులు లెక్కవేసినట్టు తగ్గుతున్న బాకీ మీద చూస్తే అది ఏడాదికి పందొమ్మిదిన్నర శాతం. ఎవరైనా ‘ఫ్లాట్’ అన్నారంటే మూడేళ్ల అప్పుకు ఆ అంకెను ఒకటీ ముప్పావుతో పెంచి చూసుకోండి, దాదాపు అసలు రేటు తెలుస్తుంది.

ఏడాదికి 3 లక్షల 55 వేల వాయిదా, బండి మిగిల్చేది 14 వేలు. తక్కువపడేదంతా మీ జీతంలోంచి వెళ్లాలి. మీ బావమరిది ఒక్క రూపాయి తీసుకోకుండా ఏడాదంతా నడిపాడనుకున్నా ఇంకా లక్ష దాకా తక్కువే. ఈ బండి తన వాయిదా తాను కట్టుకోవాలంటే ఏడాదికి 1400 గంటలు దాటి తిరగాలి, అంటే ఏడాదిలో 300 రోజులు, రోజుకు ఐదు గంటల దాకా డబ్బులొచ్చే పని. సొంతంగా సైట్లు ఉన్న మేస్త్రీకో, నాలుగు బండ్లున్న కాంట్రాక్టరుకో అది సాధ్యం కావచ్చు. పొద్దున తొమ్మిదికి డ్యూటీకెళ్లి సాయంత్రం వచ్చే మీకు కాదు. పైగా నేను బకాయిలు వేయనే లేదు. బిల్డర్ల దగ్గర పని ఈ నెలలో అయితే డబ్బు పై నెలలో, ఒక్కోసారి ప్లాటు అమ్ముడయ్యాక. ఫైనాన్స్ వాడు మాత్రం అయిదో తారీఖుకు ఫోన్ చేస్తాడు.

ట్రాక్టరు లెక్క వేరు. 2 లక్షల 80 వేలు పెట్టి, నాలుగేళ్ల తర్వాత లక్షా 60 వేలకు అమ్మారనుకుంటే ఏడాదికి 30 వేల తరుగు. పోయే వడ్డీ 18 వేలు. ఇన్సూరెన్స్, సర్వీసు, రోటావేటర్ బ్లేడ్లకు 20 వేలు. మొత్తం 68 వేలు. మీ తోట దున్నకంలో 14 వేలు మిగులుతుందనుకుంటే, బయట నుంచి 54 వేలు రావాలి. డీజిల్, డ్రైవర్ పోను గంటకు 300 మిగిలితే 180 గంటల పని చాలు. పెద్ద ట్రాక్టరు దూరలేని నిమ్మ, అరటి తోటల వరసల మధ్య పని తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు దొరుకుతుంది. తోట యజమానులు మీకు తెలిసినవాళ్లే అయి ఉంటారు. కొనే ముందే ఒక పదిమందిని అడిగి, ఎవరికి ఎన్ని గంటల పని ఉంటుందో కాగితం మీద రాసుకోండి. వంద గంటలకు కూడా గట్టిగా మాట ఇచ్చేవాళ్లు లేకపోతే ట్రాక్టరు కూడా వద్దు.

ఇప్పుడే వద్దనడానికి కారణం పాప చదువు. 4 లక్షల్లో 2 లక్షల 80 వేలు తీస్తే మిగిలేది లక్షా 20 వేలు. ఏ కాలేజీలో సీటొస్తుందో, ఫీజెంతో, హాస్టలుకు ఎంతవుతుందో ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయ్యాక గానీ తెలియదు. అంతవరకు ఆ డిపాజిట్ ముట్టుకోకండి. కౌన్సెలింగ్ అయ్యి మొదటి ఏడాది ఫీజు కట్టేశాక బేరానికి వెళ్లండి. అప్పటికి పనులు తగ్గి ఉంటాయి, అమ్మేవాడూ కాస్త దిగొస్తాడు. లక్ష లోపు తక్కువపడితే బ్యాంకులో బంగారం మీద తీసుకుని ఏడాదిలో తీర్చేయండి, ఫ్లాట్ వడ్డీ జోలికి మాత్రం పోవద్దు.

బేరానికి ముందు కొత్త బండి ధర కూడా కనుక్కోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా నాలుగున్నర లక్షలుండే బండి మీద ఇది 31,500 తేడా. పాత బండ్ల బేరగాళ్లు ఈ తగ్గింపును వాళ్లంతట వాళ్లు ఎందుకు గుర్తుచేస్తారు? కేంద్రం యాంత్రీకరణ సబ్సిడీ కూడా కొత్త యంత్రాలకే. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఒక మాట అడిగి ఉంచుకోండి.

బండి చూడ్డానికి పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. అప్పటికే వేడిగా ఉందంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి ఉంచారు, చల్లారాక మళ్లీ వస్తామని చెప్పండి. చల్లటి ఇంజన్ ఎన్ని తిప్పులకు అందుకుంటుందో, పొగ ఏ రంగులో వస్తుందో చూడాలి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ ఆయిలు తాగుతోందని అర్థం. అవర్ మీటర్‌ను నమ్మకండి, దాన్ని మార్చేయడం పెద్ద పని కాదు. దాని బదులు క్లచ్, బ్రేకు పెడళ్ల మీద రబ్బరు చూడండి. మీటర్ 1200 గంటలు చూపిస్తూ పెడల్ రబ్బరు అరిగి ఇనుము మెరుస్తుంటే ఆ 1200 కథే. రోటావేటర్ తగిలించి హైడ్రాలిక్‌తో పైకెత్తించి ఇంజన్ ఆపమనండి. పక్కనే పది నిమిషాలు నిలబడి మాట్లాడుతూ చూడండి. అది మెల్లగా కిందికి దిగుతుంటే హైడ్రాలిక్ లోపల లీకు ఉంది. పీటీవో (ఇంజన్ శక్తిని వెనక పరికరానికి అందించే షాఫ్టు) వేసి రోటావేటర్ తిప్పించి, గేరు బాక్సు దగ్గర గరగరలు వినండి. ముందు చక్రం ఒకటి జాకీతో లేపి చేత్తో అటూ ఇటూ ఊపండి. మీకు తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి ఆయన కూలి ఆయనకు ఇవ్వండి. బ్రోకరు పిలిపించే మెకానిక్ బ్రోకరు మనిషే.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. ఆర్సీ మీద పాత ఫైనాన్స్ పేరు ఉంటే వాళ్ల ఎన్ఓసీ, అప్పు తీరిందని తెలిపే ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బు. బదిలీకి ఫారం 29, 30 మీద అసలు యజమాని సంతకం ఉండాలి. మధ్యలో చేతులు మారిన బండికి ‘ఓనర్ ఊళ్లో లేడు’ అన్న మాట వినిపిస్తే అక్కడితో ఆగిపోండి. ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో మీరే సరిచూసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం కుదరదు. మీకూ కొన్నట్టు రుజువు కావాలి కదా. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లోగా మీ పేరు మీదికి మార్చుకోవాలి.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఈ ట్రాక్టరు వ్యవసాయ బండిగా రిజిస్టరై ఉంటుంది, ఇన్సూరెన్సూ అలాగే ఉంటుంది. దానికి ట్రక్కు తగిలించి ప్లాట్లకు మట్టి తోలుతూ ఎవరినైనా గుద్దితే, కంపెనీ బాధితులకు పరిహారం ఇచ్చి ఆ మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేసుకునే ప్రమాదం ఉంది. తోట పనులకే తిప్పండి. ప్లాట్ల పని కావాలంటే ముందు రిజిస్ట్రేషన్, పాలసీ రెండూ దానికి తగ్గట్టు మార్పించుకోండి.

మీ బావమరిది విషయం. బావ బాగు కోరేవాడే, కాదనను. అయినా డీజిల్ లెక్క వేరు, బంధుత్వం వేరు. నెల జీతం అనకుండా, గంటకు ఇంత అని మాట్లాడుకోండి. ఒక పుస్తకంలో ఏ రోజు, ఎవరి తోట, మీటర్ ఎంత దగ్గర మొదలై ఎంత దగ్గర ఆగింది, డీజిల్ ఎంత పోశారు అన్నది రాయించండి. కిరాయి డబ్బు మీ ఫోన్‌పేకే రావాలి. మీ ఆవిడ ముందే ఇవన్నీ మాట్లాడుకుంటే తర్వాత మాటలు రావు. లైసెన్సు లేకపోతే స్టీరింగ్ ఇవ్వొద్దు.

పన్ను పెద్ద తలనొప్పి కాదు. రైతులకు వ్యవసాయ పనికిచ్చే యంత్రాల కిరాయి మీద జీఎస్టీ లేదు. ఇతర పనులు చేసినా ఏడాది రాబడి 20 లక్షలు దాటే దాకా రిజిస్ట్రేషన్ అడగరు. ఆదాయపన్ను రిటర్నులో మాత్రం జీతంతో పాటు ఈ రాబడీ చూపించాలి, మీ ఆడిటర్ అంచనా పద్ధతిలో (రాబడిలో కొంత శాతాన్ని లాభంగా తీసుకుని) వేసేస్తారు. ఉద్యోగం చేస్తూ బయట సంపాదన ఉండొచ్చో లేదో మీ కంపెనీ నియమాలు ఒకసారి చూసుకోండి.

మొదటి ఏడాది పుస్తకంలో 150 గంటలు కూడా రాకపోతే రెండో ఏడాది చూద్దాం అనుకోకుండా అమ్మేయండి. అమ్మేటప్పుడు మే నెలలో, దుక్కులు మొదలయ్యే ముందు అమ్మండి. రోటావేటర్‌ను విడిగా బేరం పెట్టి చూడండి, కొన్నిసార్లు జతగా ఇచ్చిన దానికన్నా నాలుగు రూపాయలు ఎక్కువే వస్తాయి.