అల్లుడికి, ర్యాచెట్ స్క్రూడ్రైవర్ కొనేముందు

ముషీరాబాద్

అల్లుడు నరేశ్‌కు దీవెనలు.

మాడ్యులర్ కిచెన్ ఫిట్టింగ్ పనిలో చేరావని మీ అమ్మ చెప్పింది. మంచి పని పట్టావు. ర్యాచెట్ స్క్రూడ్రైవర్ ఏది కొనాలని అడిగావట. రాణిగంజ్ హార్డ్‌వేర్ బజారుకు వెళ్లేముందు ఇది ఒకసారి చదువుకో.

ర్యాచెట్ అంటే ఒక వైపు తిప్పితే స్క్రూను తిప్పి, వెనక్కి తిప్పితే పిడి మాత్రమే వచ్చే ఏర్పాటు. అది ఉన్నది స్క్రూను గబగబా తిప్పడానికి. మొండి బలం పెట్టడానికి కాదు. దాని తల లోపల ఒక పళ్ల చక్రం, ఆ పళ్లకు ఆనుకుని చిన్న ఇనుప నాలుకలు, వాటిని నొక్కి పట్టే బియ్యపు గింజంత స్ప్రింగులు ఉంటాయి. సైకిల్ తొక్కడం ఆపితే వెనక చక్రం టిక్‌టిక్‌మంటుంది కదా, అదే ఏర్పాటు. నీ చేతి బలమంతా పడేది ఆ నాలుకల అంచుల మీదే. దిశ మార్చే స్విచ్చిని లాక్‌లో, అంటే రెండు వైపులా పిడితోపాటే తిరిగేలా పెడితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. చాలావాటిలో అప్పుడు కూడా భారం మోసేది ఆ నాలుకలే. అందుకే తుప్పుపట్టి బిగుసుకున్న స్క్రూను కదిలించడానికి సంచిలో ర్యాచెట్ లేని మామూలు పేచ్‌కస్ (స్క్రూడ్రైవర్) ఒకటి తప్పకుండా ఉంచుకో. మొదటి పావు చుట్టు దానితో తిప్పు, మిగతాది ర్యాచెట్‌తో లాగెయ్.

షాపులో పళ్లు ఎన్ని అని గొప్పగా చెప్తారు. లెక్క సులువే. 24 పళ్లుంటే ఒక్కో టిక్కుకు 15 డిగ్రీలు, 36 ఉంటే 10, 72 ఉంటే 5. ఎక్కువ పళ్లంటే ఒక్కో పన్ను అంత సన్నం. నాసిరకం ఉక్కుతో చేసిన 72 పళ్లది గట్టిగా తిప్పితే జారుతుంది. మామూలు పనికి 36 చాలు. నీ మణికట్టు ఒక్క తిప్పుకు 90 డిగ్రీలు తేలిగ్గా తిరుగుతుంది. సన్నని పళ్లు అక్కరకొచ్చేది సింక్ కింద పైపుల మధ్య, చేయి తిప్పే చోటు లేనప్పుడే.

పళ్ల లెక్క కన్నా ముఖ్యంగా ఒకటి చూడాలి. బిట్, అంటే స్క్రూ తలలో దిగే మార్చుకునే కొన, పెట్టి స్విచ్చిని బిగించే వైపుకు జరుపు. బిట్ కొనను ఎడమచేతి రెండు వేళ్ల మధ్య మెత్తగా పట్టుకుని పిడిని వెనక్కి తిప్పు. బిట్ కదలకుండా పిడి ఒక్కటే టిక్‌టిక్‌మంటూ రావాలి. బిట్ కూడా వేళ్ల మధ్య తిరిగిందా, అది వద్దు. ఎంత పేరున్న కంపెనీదైనా సరే, పక్కన పెట్టెయ్. ఎందుకంటే స్క్రూ ఇంకా రెండు మూడు చుట్లే ఎక్కి వదులుగా ఉన్నప్పుడు నువ్వు ముందుకు తిప్పిందంతా వెనక్కి వచ్చేస్తుంది. స్క్రూ అక్కడే ఉంటుంది, చేయి నొప్పి మాత్రం మిగులుతుంది. ఆ తర్వాత స్విచ్ బొటనవేలితో జరుగుతుందో లేదో చూడు. మరీ వదులుగా ఉంటే పని మధ్యలో అదే జారుతుంది. మే నెల చెమటలో జారని రబ్బరు పట్టు ఉన్న లావు పిడి తీసుకో. అరల లోపలి పనికి జానెడు కన్నా పొట్టిది ఇంకొకటి కావాలి.

ఇక బిట్‌లు. పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. ఆరు పలకల కాడ ఉన్నవైతే ఎక్కడైనా దొరుకుతాయి. మనవాళ్లు అన్నింటినీ స్టార్ అనేస్తారు, నష్టం అక్కడే మొదలవుతుంది. సాఫ్ట్‌క్లోజ్ హింజ్ (తలుపు మెల్లగా మూసుకునే బందు) మీది స్క్రూను దగ్గరగా చూడు. ప్లస్ గుర్తు మధ్య మూలల్లో సన్నని గీతలు కనిపిస్తే అది పోజిడ్రైవ్, పీజెడ్2 బిట్ వాడాలి. గీతలు లేకపోతే ఫిలిప్స్, పీహెచ్2. పీజెడ్ స్క్రూలో పీహెచ్ బిట్ పెడితే లోపల ఊగుతుంది, పైకి తన్నుకొచ్చి తలను గుల్ల చేస్తుంది. ఎస్2 ఉక్కు బిట్‌లు కొను. కొన గుండ్రమైన బిట్‌ను ఆ రోజే పారెయ్. దాన్ని దాచుకుంటే పాడయ్యేది కస్టమర్ ఇంటి స్క్రూలు.

వాడేటప్పుడు: 18 మి.మీ. ప్లైవుడ్‌కు 3.5 మి.మీ. మందం, 16 మి.మీ. పొడవు హింజ్ స్క్రూ సరిపోతుంది. ముందు 2.5 మి.మీ. రంధ్రం 12 మి.మీ. లోతుకు వెయ్. డ్రిల్ బిట్‌కు గుర్తుగా టేప్ చుట్టుకో. ఉన్న రంధ్రంలోనే స్క్రూ మళ్లీ ఎక్కించాలంటే స్విచ్చిని లాక్‌లో పెట్టి మెల్లగా వెనక్కి తిప్పు. ఒకచోట టక్కున చిన్నగా దిగినట్టు వేలికి తెలుస్తుంది. పాత మర గాడి మొదలు దొరికిందన్న మాట. అక్కడినుంచి ముందుకు తిప్పు. బిగించే వైపు పెట్టి ఉంటే వెనక్కి తిప్పినా టిక్కులే వస్తాయి, ఆ దిగడం తెలియదు. కొత్త గాడి కోసుకుపోయి రంధ్రం వదులైపోతుంది. తిప్పే బలం కన్నా నొక్కే బలం ఎక్కువ ఉండాలి. తల పలకకు ఆనగానే ఆపు.

స్విచ్‌బోర్డు జోలికి దీనితో వెళ్లకు. ప్లాస్టిక్ పిడి ఉంది కదా అనుకోవద్దు, కాడంతా ఉత్త ఇనుము. 230 వోల్టులు. ఎంసీబీ ఆపి, టెస్టర్‌తో చూసి, 1000 వోల్టుల గుర్తున్న ఇన్సులేటెడ్ పేచ్‌కస్ మాత్రమే వాడు.

ఎప్పుడైనా రెండు వైపులా ఉత్తగా తిరిగితే విరిగిపోయిందని అనుకోకు. ప్లైవుడ్ పొడి గ్రీజులో కలిసి ముద్దై, నాలుక పళ్లలోకి దిగక జారుతుంటుంది. పాలిథిన్ సంచిలో చేతులు పెట్టి విప్పు, లేకపోతే స్ప్రింగ్ ఎగిరి మళ్లీ దొరకదు. విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసుకో. కిరోసిన్‌తో కడిగి ఆరనిచ్చి, ఆవగింజంత గ్రీజు పళ్లకు పూయి. ఎక్కువ పూస్తే మళ్లీ అదే రోగం.

కొన్నాక ఆ వేళ్ల పరీక్ష ఎలా వచ్చిందో ఫోన్ చేసి చెప్పు. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామ