ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి జత కుదరని టైర్లు: చైను సాగితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రొయ్యల చెరువుల గట్ల మీద తిరగడానికి రెండేళ్ల కిందట 15 లక్షలు పెట్టి ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొన్నాను. మూడేళ్ల వారంటీ ఉంది. వెనక టైర్లు గుండైపోతే నెల్లూరులో ఒక టైర్ల షాపుకు వెళ్లాను. బండికున్న సైజు 245/75 ఆర్16 స్టాకు లేదని 265/70 ఆర్16 రెండు వేశారు. 'ఏం కాదు, దాదాపు అదే సైజు' అన్నారు. ముందువి పాతవే. మూడు నెలలకు డ్రైవు మార్చే లివరు 4 హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే స్థానంలో) బిగుసుకుపోయింది. ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేరుపెట్టెలో) చైను సాగిందనీ, లక్షా ఇరవై వేలు అవుతుందనీ, వేరే టైర్లు వేశారు కనుక వారంటీ రాదనీ సర్వీస్ సెంటరు వాళ్లు అంటున్నారు. వానలో హైవే మీద కూడా 4 హెచ్‌లో నడిపిన మాట నిజమే. ఇన్సూరెన్సు వస్తుందా? ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: ఇన్సూరెన్సు రాదు. మామూలు ఓన్ డ్యామేజి (సొంత బండి నష్టానికి ఇచ్చే) పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల మినహాయింపుల్లో ఉంటాయి. ప్రమాదమేమీ జరగకుండా చైను సాగితే క్లెయిము నిలబడదు. దానికోసం తిరిగి కాలం పోగొట్టుకోకండి.

మీ కేసు నిలబడేది కొలతల మీద. అంకెల లెక్కన 245/75 ఆర్16 టైరు వ్యాసం 774 మి.మీ., 265/70 ఆర్16ది 777. తేడా మూడున్నర మి.మీ. మాత్రమే. షాపు తరఫు లాయరు పట్టుకునేది ఈ అంకెనే. కానీ అది కొత్త టైర్ల లెక్క. కొత్తలో 8 మి.మీ. ఉన్న గాడి లోతు మీ ముందు టైర్లలో ఇప్పుడు 3 మిగిలిందనుకుంటే, రెండు పక్కలా కలిపి వ్యాసం 10 తగ్గినట్టు. ముందుకీ వెనక్కీ తేడా 13 దాటింది. ముందు చక్రాలు కిలోమీటరుకు సుమారు ఏడు చుట్లు ఎక్కువ తిరగాలి. 2 హెచ్‌లో (రెండు చక్రాలకే శక్తి వెళ్లే స్థానంలో) ఉన్నంతసేపూ దీంతో చైనుకు ఇబ్బంది లేదు. 4 హెచ్‌లో పెడితే ముందుకీ వెనక్కీ శక్తి తీసుకెళ్లే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ ఒకే వేగానికి లాక్ అవుతాయి. మైపాడు తీరం ఇసకలోనో, చెరువు గట్టు బురదలోనో చక్రం కాస్త జారి ఆ తేడా పోతుంది. గట్టి రోడ్డు మీద జారదు, బిగువంతా చైను మీదా పళ్ల చక్రాల మీదా పడుతుంది. లివరు బిగుసుకోవడం దాని లక్షణమే.

మీ కేసులో బలహీనమైన చోటూ అక్కడే ఉంది. ఇలా అవసరమైనప్పుడే ఫోర్‌వీల్‌లో పెట్టే పార్ట్‌టైమ్ బండ్లను గట్టి రోడ్డు మీద 4 హెచ్‌లో నడపొద్దని ఓనర్స్ మాన్యువల్లో సాధారణంగా రాసి ఉంటుంది. టైర్లు సరిగ్గా ఉన్నా మలుపుల్లో ముందు, వెనక చక్రాల వేగం ఒకటి కాదు. కాబట్టి పూర్తి మొత్తం రాకపోవచ్చు, మీ వంతు తప్పుకు కోత పడుతుంది. అయినా హైవే సంగతి దాచొద్దు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మిగతా మాటలకూ విలువ పోతుంది.

ఫోర్‌వీల్ డ్రైవ్ బండి అని కళ్లారా చూసి, రెండే టైర్లు, అవీ వేరే సైజువి వేసి 'ఏం కాదు' అనడం వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(11) కింద సేవాలోపం అని గట్టిగా వాదించవచ్చు. షాపును మొదటి ప్రతివాదిగా, వారంటీ నిరాకరించిన డీలరునూ తయారీ కంపెనీనీ తర్వాతి ప్రతివాదులుగా పెట్టండి. మీరు అక్కడే నివసిస్తున్నారు కనుక నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే దానికి అధికారం ఉంది. టైర్ల షాపు ఒక్కటే అయితే ఫీజు లేదు, బండి ధర లెక్కలోకి వస్తే 400 రూపాయలు. గడువు రెండేళ్లు. ప్రాడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం) సెక్షన్లు జోడించమని ఎవరైనా అంటే వినకండి. వస్తువుకే జరిగిన నష్టం ఆ 'హాని' నిర్వచనంలోకి రాదు. 'చెరువులు వ్యాపారం, మీరు వినియోగదారు కారు' అన్న అభ్యంతరం తప్పకుండా లేవదీస్తారు. సొంత జీవనోపాధికి స్వయంగా సాగు చేసుకుంటున్నారని పిటిషన్‌లోనే రాయండి.

ముందుగా చేయాల్సిన పని వేరే ఉంది. వారంటీ నిరాకరణను ఏ క్లాజు కిందో రాసిమ్మని అడగండి. జాబ్ కార్డు కాపీ తీసుకోండి. విప్పిన చైనూ పళ్ల చక్రాలూ వాళ్లకు వదలొద్దు. నాలుగు టైర్లకూ ఒకే గాలి పెట్టి, టైరు మీదా నేల మీదా సుద్దముక్కతో గీత గీసి, బండిని తిన్నగా ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలవండి. ఒక్కో టైరుకూ విడిగా కొలిచి వీడియో తీయండి. గాడి లోతు, టైరు పక్కన నాలుగంకెల తయారీ వారం-సంవత్సరం కూడా అందులో పడాలి. తర్వాత ఆటోమొబైల్ ఇంజనీరు రిపోర్టు తీసుకుని, 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. షాపు బిల్లు ఇవ్వకపోతే యూపీఐ చెల్లింపు చూపండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతే.

మీరు అడగలేదు గానీ, పోలీసుల సంగతి కూడా చెప్పాలి. గాడి లోతు వరకు చూస్తే, 1.6 మి.మీ. కన్నా తగ్గితేనే టైరు కేంద్ర మోటారు వాహనాల నిబంధన 94కు విరుద్ధం, మీ ముందువి 3 దగ్గర ఉంటే ఇబ్బంది లేదు. 265/70 మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన సైజుల్లో ఉందో లేదో డోరు స్టిక్కర్ మీదా మాన్యువల్లోనూ చూడండి. లేకపోతే అనుమతిలేని మార్పు అంటూ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, 182ఎ(4) ఎత్తుతారు. ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ 182ఎ(4)లో ఉన్నాయి.

రిపేరు అయ్యాక నాలుగూ ఒకే సైజు, ఒకే రకం కొత్తవి వేయించండి. తీసిన నాలుగు టైర్లూ కేసు తేలేదాకా అమ్మొద్దు, ఎక్స్ఛేంజికి ఇవ్వొద్దు.