వెనక నుంచి కారు గుద్దితే మెడనొప్పి మర్నాడు ఎందుకొస్తుంది?

ఇలాంటప్పుడు సాధారణంగా దెబ్బ తగిలేది ఎముకకు కాదు, మెడ కండరాలకు, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లకు. వాటిలో వాపు పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగిన కారును, ఫోన్ చూసుకుంటూ వచ్చినవాడొకడు వెనక నుంచి గుద్దాడనుకోండి. సీటు వీపును ముందుకు తోసేస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. దాంతో మెడ వెనక్కి విరుచుకుని, వెంటనే ముందుకు ఊగుతుంది. దీన్నే విప్‌లాష్ అంటారు. హెడ్‌రెస్ట్ ఉన్నది ఇందుకే, కునుకు తీయడానికి కాదు. దాని పైఅంచు నడినెత్తి ఎత్తుకు రావాలి.

బంపర్‌కి చిన్న సొట్టే కదా, మెడకేం కాదులే అనుకుంటారు చాలామంది. తక్కువ వేగంలోనూ ఇది జరుగుతుంది. ఎక్స్‌రే బాగుందన్నా పూర్తి భరోసా లేదు, అందులో లిగమెంట్లు కనపడవు. చేతులు తిమ్మిరెక్కుతుంటే మాత్రం ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.