పాఠకుల సందేహాలు: ఫ్రిజ్‌లో పచ్చి పాలు

ప్రశ్న: పచ్చి గేదె పాలు ఫ్రిజ్‌లో రెండు రోజులున్నా విరగలేదు, వాసనా రాలేదు. కాచకుండా తాగొచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: వద్దమ్మా. 4 డిగ్రీల చలిలో పాలను పులిపించే బ్యాక్టీరియా మందగిస్తుంది గానీ, లిస్టీరియా అనే రోగక్రిమి నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. రుచిలో, వాసనలో తేడా తెలియదు. గర్భిణికి సోకితే గర్భస్రావం కావచ్చు. సాల్మొనెల్లా, బ్రూసెల్లా అనే రోగక్రిములు ఆ చలిలో పెరగకపోయినా బతికే ఉంటాయి.

పాలలో నీలిరంగు కలిపి చూసే మిథిలీన్ బ్లూ పరీక్షలో ఆ రంగు త్వరగా పోతే బ్యాక్టీరియా ఎక్కువని అర్థం. ఏ రోగక్రిమి ఉందో అది చెప్పదు. లిస్టీరియాను ల్యాబులో ప్రత్యేక ద్రావణంలో పెంచి పట్టుకోవాలి, దానికి రోజులు పడుతుంది.

అందుకే పాలు రాగానే కాచండి. మీగడ వల్ల పాలు పూర్తిగా మరగకముందే పొంగుతాయి. పొంగగానే దించెయ్యకుండా, మంట తగ్గించి గరిటెతో కలుపుతూ రెండు మూడు నిమిషాలు మరిగించండి. గిన్నెను చన్నీళ్లలో ఉంచి చల్లార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి.